వైఫై నెట్‌వర్కుల మధ్య ల్యాప్‌టాప్ చిరునామా సెట్టింగులు

ఇల్లు, కార్యాలయం, కళాశాల, రైల్వే స్టేషన్, ఫోన్ హాట్‌స్పాట్ ఇలా వేర్వేరు వైఫై నెట్‌వర్కుల్లోకి మారుతూ పనిచేసే ల్యాప్‌టాప్‌కు ప్రతిచోటా ఆ నెట్‌వర్కుకు తగిన ఐపీ చిరునామా, దాని అనుబంధ వివరాలు అందేలా చూడడాన్ని చిరునామా సెట్టింగుల నిర్వహణ అంటారు. ఐపీ చిరునామా యంత్రంతోపాటు పుట్టేది కాదు. యంత్రం ఆ సమయానికి ఏ నెట్‌వర్కులో ఉందో దాన్నిబట్టి వచ్చేది. ఊరు మారితే పిన్‌కోడు మారినట్టే నెట్‌వర్కు మారితే ఈ సంఖ్య మారాలి. ఒకచోట కుదురుగా ఉండే డెస్క్‌టాప్‌లో ఒకసారి రాసిపెట్టిన సెట్టింగు ఏళ్ల తరబడి చెల్లుతుంది. ల్యాప్‌టాప్‌లో అదే సెట్టింగు గడప దాటగానే పనికిరాకుండా పోవచ్చు. కింద వివరించిన పద్ధతులన్నీ ఈ తేడా నుంచి పుట్టినవే.

చిరునామాలోని భాగాలు

నెట్‌వర్కులో పనిచేయడానికి ల్యాప్‌టాప్‌కు నాలుగు వివరాలు కావాలి. మొదటిది ఐపీ చిరునామా. ఐపీవీ4 పద్ధతిలో ఇది 32 బిట్ల సంఖ్య. 0 నుంచి 255 వరకు ఉండే నాలుగు అంకెలుగా, మధ్య చుక్కలతో దీన్ని రాస్తారు. రెండోది సబ్‌నెట్ మాస్క్. చిరునామాలో ఎంత భాగం నెట్‌వర్కును, ఎంత భాగం యంత్రాన్ని సూచిస్తుందో ఇది తేలుస్తుంది. మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెలు నెట్‌వర్కువి, చివరిది యంత్రానిది. అలాంటి నెట్‌వర్కులో 254 పరికరాలకు చోటుంటుంది. మూడోది డిఫాల్ట్ గేట్‌వే, అంటే బయటి ప్రపంచానికి దారి చూపే పరికరం. ఇళ్లలో సాధారణంగా రౌటరే గేట్‌వే. నాలుగోది వెబ్‌సైట్ల పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్.

వీటికి తోడు వైఫై కార్డుకు తయారీదారు ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. ఇది స్థానిక నెట్‌వర్కు దాటి బయటికి వెళ్లదు. అయినా రౌటర్ ల్యాప్‌టాప్‌ను గుర్తుపట్టేది దీనితోనే (చూ. రౌటర్‌లో రిజర్వేషన్).

ఇళ్లలో, కార్యాలయాల్లో కనిపించే చిరునామాలు ఎక్కువగా ప్రైవేటు శ్రేణులకు చెందినవి. 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రం ఇందుకు మూడు శ్రేణులను కేటాయించింది. అవి 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. ఇంటి రౌటర్లు చాలావరకు 192.168.0 లేదా 192.168.1 నెట్‌వర్కును వాడతాయి. ఐఫోన్ హాట్‌స్పాట్ 172.20.10 నెట్‌వర్కును ఇస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు 192.168.43ను ఇచ్చేవి, విండోస్ హాట్‌స్పాట్ 192.168.137ను ఇస్తుంది. ఈ అంకెలు గుర్తుంటే ల్యాప్‌టాప్ ప్రస్తుతం ఎవరి నెట్‌వర్కులో ఉందో చూపుతోనే పోల్చుకోవచ్చు.

చరిత్ర

ఐపీవీ4 ప్రమాణం 1981 సెప్టెంబరులో ఆర్ఎఫ్‌సీ 791గా వెలువడింది. అప్పట్లో నిర్వాహకుడే ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి చిరునామాను చేత్తో నమోదు చేసేవాడు. యంత్రాలు కదిలేవి కావు కాబట్టి అది పెద్ద భారంగా ఉండేది కాదు. డిస్కు లేని వర్క్‌స్టేషన్లకు చిరునామా చెప్పడానికి 1984లో ఆర్‌ఏఆర్‌పీ, 1985లో బూట్‌పీ అనే పద్ధతులు వచ్చాయి. బూట్‌పీలో ఏ మ్యాక్ చిరునామాకు ఏ ఐపీ చిరునామా ఇవ్వాలో నిర్వాహకుడు ముందే పట్టిక రాసిపెట్టాలి. పట్టికలో లేని కొత్త యంత్రానికి అందులో చోటు లేదు.

1993 అక్టోబరులో ప్రమాణంగా వచ్చిన డీహెచ్‌సీపీ ఈ లోటును తీర్చింది. బక్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ దీని రచయిత. చిరునామాను శాశ్వతంగా కాకుండా గడువుతో, లీజుగా ఇవ్వడం ఇందులోని ముఖ్యమైన మార్పు. ఎవరో తెలియని యంత్రం వచ్చినా సర్వర్ తన దగ్గరున్న ఖాళీ చిరునామాల్లోంచి ఒకటి ఇస్తుంది. గడువు తీరాక ఆ చిరునామా మరొకరికి వెళ్తుంది. 1997 మార్చి నాటి ఆర్ఎఫ్‌సీ 2131 నేటికీ దీనికి ఆధారం.

అదే 1997లో వైర్‌లెస్ స్థానిక నెట్‌వర్కులకు 802.11 ప్రమాణం వచ్చింది. 1999లో ఆపిల్ ఐబుక్, 2003లో ఇంటెల్ సెంట్రినో ల్యాప్‌టాప్‌లలో వైఫైని మామూలు విషయం చేశాయి. డీహెచ్‌సీపీ తీగల నెట్‌వర్కుల కాలంలో పుట్టినా దాని అసలు విలువ యంత్రాలు రోజుకు మూడు నాలుగు నెట్‌వర్కులు మారడం మొదలయ్యాకే తెలిసింది.

డీహెచ్‌సీపీ పనితీరు

వైఫై పాస్‌వర్డు సరిపోయి అనుసంధానం కుదిరాక ల్యాప్‌టాప్ నాలుగు సందేశాల మార్పిడితో చిరునామా పొందుతుంది. ముందు సర్వర్ ఎవరైనా ఉన్నారా అని నెట్‌వర్కులో అందరికీ వినిపించేలా ‘డిస్కవర్’ సందేశం పంపుతుంది. సర్వర్ ఒక చిరునామాను ‘ఆఫర్’గా పంపుతుంది. ల్యాప్‌టాప్ దాన్ని ‘రిక్వెస్ట్’తో కోరుతుంది. సర్వర్ ‘ఎక్నాలెడ్జ్’తో ఖాయం చేస్తుంది. సర్వర్ యూడీపీ 67వ పోర్టులో, ల్యాప్‌టాప్ 68వ పోర్టులో వింటాయి. మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్, లీజు గడువు కూడా ఇదే మార్పిడిలో అందుతాయి.

లీజు గడువులో సగం గడిచాక ల్యాప్‌టాప్ అదే సర్వర్‌ను పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే 87.5 శాతం గడిచాక ఏ సర్వర్ అయినా సరే అంటూ మళ్లీ అడుగుతుంది. గడువు పూర్తిగా తీరితే చిరునామాను వదిలేయాలి. విండోస్ సర్వర్‌లో లీజు గడువు మామూలుగా 8 రోజులు. రౌటర్లలో వాడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో 12 గంటలు. జనం వచ్చిపోయే చోట 8 రోజుల గడువు చేటు చేస్తుంది. 254 చిరునామాలున్న నెట్‌వర్కులో వచ్చి వెళ్లిపోయినవారి పేరుమీద లీజులు మిగిలిపోతాయి, కొత్తగా వచ్చినవారికి సిగ్నల్ నిండుగా ఉన్నా చిరునామా దొరకదు.

తెలిసిన నెట్‌వర్కులోకి తిరిగి వచ్చిన ల్యాప్‌టాప్ మొదటి నుంచి మొదలుపెట్టదు. పాత చిరునామానే నేరుగా కోరుతుంది. అది ఈ నెట్‌వర్కుకు చెల్లకపోతే సర్వర్ ‘నాక్’ అనే తిరస్కారం పంపుతుంది, అప్పుడు నాలుగు సందేశాల వరస మళ్లీ మొదలవుతుంది. గేట్‌వే మ్యాక్ చిరునామాను గుర్తుంచుకుని, దాన్ని పలకరించి, వచ్చింది పాత చోటికేనని నిర్ధారించుకునే పద్ధతిని 2006లో ఆర్ఎఫ్‌సీ 4436 వివరించింది. మూత తెరవగానే వైఫై చటుక్కున అందుకోవడం వెనక ఇలాంటి ఏర్పాట్లున్నాయి.

ఏ సర్వర్ కూడా పలకకపోతే ల్యాప్‌టాప్ 169.254తో మొదలయ్యే చిరునామాను తనకు తానే పెట్టుకుంటుంది. ఈ పద్ధతి విండోస్ 98తో వ్యాపించింది. 2005లో ఆర్ఎఫ్‌సీ 3927గా ప్రమాణమైంది. ఈ చిరునామాతో పక్కనున్న యంత్రాలతో మాట్లాడవచ్చు గాని ఇంటర్నెట్ రాదు.

స్థిర చిరునామా

చేత్తో రాసిపెట్టి, మార్చేవరకు అలాగే ఉండే చిరునామాను స్థిర చిరునామా అంటారు. దీని అవసరం ఇంకా తీరిపోలేదు. ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరును ఇంట్లో మిగతా యంత్రాలు వెతుక్కోవాలన్నా, రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ పెట్టాలన్నా, ప్రయోగశాలలో స్థిర సంఖ్యతో ఉన్న కొలత పరికరంతో మాట్లాడాలన్నా, కొన్ని చిరునామాలనే అనుమతించే ఫైర్‌వాల్ దాటాలన్నా ఇది కావాలి. డీహెచ్‌సీపీ అసలే లేని చిన్న నెట్‌వర్కులూ ఉన్నాయి.

చిక్కు నెట్‌వర్కు మారినప్పుడు వస్తుంది. ఇంట్లో 192.168.1.25 చిరునామా, 192.168.1.1 గేట్‌వే అని స్థిరంగా రాసిన ల్యాప్‌టాప్‌ను ఐఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపామనుకుందాం. అక్కడి గేట్‌వే 172.20.10.1. ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా 192.168.1.1 కోసం పిలుస్తూనే ఉంటుంది. పలికేవారు ఉండరు. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు.

ఇంతకంటే చెడ్డది సగం పనిచేసే సందర్భం. కొత్త చోట నెట్‌వర్కు కూడా 192.168.1 అయితే స్థిర చిరునామా అక్కడా చెల్లినట్టే కనిపిస్తుంది. గేట్‌వే 192.168.1.254 అయిన చోట ఇంటర్నెట్ రాదు, పక్క యంత్రాలు మాత్రం కనిపిస్తాయి. గేట్‌వే కూడా కలిసిన చోట అంతా బాగానే నడుస్తుంది, అక్కడి డీహెచ్‌సీపీ సర్వర్ 25వ సంఖ్యను మరో ఫోనుకు ఇచ్చేదాకా. ఆ తర్వాత ఇద్దరికీ అనుసంధానం తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఇలాంటి ఘర్షణను పసిగట్టే పద్ధతిని 2008లో ఆర్ఎఫ్‌సీ 5227 నిర్దేశించింది. హెచ్చరిక ఒక యంత్రంలో కనిపించినా కారణం మరో యంత్రంలో ఉండడంతో దీన్ని పట్టుకోవడం కష్టం. అతిథిగా వెళ్లిన నెట్‌వర్కులో స్థిర చిరునామా వాడడం ఇతరులకు నష్టం చేసే పని అని గుర్తించాలి.

నిర్వహణ వ్యవస్థల్లోని ఏర్పాట్లు

పద్ధతులు రెండు రకాలు. సెట్టింగు కార్డుకు అంటిపెట్టుకుని ఉండడం ఒకటి, నెట్‌వర్కు పేరుకు అంటిపెట్టుకుని ఉండడం మరొకటి. మొదటిది డెస్క్‌టాప్ కాలపు వారసత్వం. ల్యాప్‌టాప్‌కు తగినది రెండోది.

విండోస్‌లో చాలాకాలం మొదటిదే నడిచింది. కంట్రోల్ ప్యానెల్లో వైఫై కార్డుకు రాసిన స్థిర చిరునామా ఆ కార్డు కలిసే ప్రతి నెట్‌వర్కుకూ వర్తించేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్’ అనే ఉపాయం ఇచ్చింది. కార్డు ముందు డీహెచ్‌సీపీని అడుగుతుంది, జవాబు రాకపోతేనే రాసిపెట్టిన ప్రత్యామ్నాయ చిరునామాను వాడుతుంది. కార్యాలయంలో డీహెచ్‌సీపీ ఉండి ఇంట్లో లేనివారికి ఇది చక్కగా సరిపోయింది. రెండుచోట్లా డీహెచ్‌సీపీ ఉండి ఒకచోట మాత్రం స్థిర చిరునామా కావాలంటే ఉపయోగపడదు. అలాంటివారు నెట్‌ష్ ఆదేశాలతో ఇంటికొక బ్యాచ్ ఫైలు, ఆఫీసుకొక బ్యాచ్ ఫైలు రాసుకుని చోటు మారినప్పుడల్లా నడిపేవారు. విండోస్ 11లో తెలిసిన నెట్‌వర్కుల జాబితా తెరిచి, ఒక్కో నెట్‌వర్కు ప్రాపర్టీస్‌లో ‘ఐపీ అసైన్‌మెంట్’ను విడిగా మార్చుకోవచ్చు. హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లో మార్చితే అది మొత్తం కార్డుకు వర్తిస్తుంది. ఈ రెండు తెరలూ ఒకేలా ఉండడం వల్ల పొరపాట్లు జరుగుతాయి.

ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో ‘లొకేషన్’ అనే ఏర్పాటు ఉంది. ఇల్లు, ఆఫీసు అంటూ పేర్లు పెట్టి ఒక్కోదానికి మొత్తం నెట్‌వర్కు సెట్టింగుల కట్టను దాచుకోవచ్చు. చిరునామాతోపాటు ప్రాక్సీ, డీఎన్‌ఎస్ కూడా ఒకేసారి మారడం దీని బలం. దానంతట అది మారదు, వినియోగదారే ఎంచుకోవాలి. మార్పిడికి ఎస్‌సీసెలెక్ట్ అనే ఆదేశం కూడా ఉంది.

లినక్స్‌లో ఈ సమస్యకు పరిష్కారాలు ముందుగా, ఎక్కువగా వచ్చాయి. డెబియన్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలులో ఒక్కో నెట్‌వర్కుకు గుర్తింపు పదం ఇచ్చి, ఇంటర్‌ఫేసెస్ ఫైలులో ఆ పదం కింద ఇంటికి స్థిర చిరునామా, ఆఫీసుకు డీహెచ్‌సీపీ అని రాసుకునే వీలుంది. రెడ్‌హ్యాట్ 2004లో మొదలుపెట్టిన నెట్‌వర్క్‌మేనేజర్ ఒక్కో వైఫైకి ఒక్కో ప్రొఫైల్ ఉంచుతుంది. పేరు, పాస్‌వర్డు, చిరునామా పద్ధతి, డీఎన్‌ఎస్ అన్నీ ఒకేచోట ఉంటాయి కనుక నెట్‌వర్కు కలవగానే దాని చిరునామా కూడా అమలవుతుంది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ కూడా నెట్‌వర్కు పేరునుబట్టి ఫైలు ఎంచుకోగలదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ సెట్టింగుల్లోనూ చిరునామా నెట్‌వర్కు వారీగానే ఉంటుంది.

పేరునుబట్టి ఎంచుకోవడంలో ఒక బలహీనత ఉంది. నెట్‌వర్కు పేరు, అంటే ఎస్ఎస్ఐడీ, గరిష్ఠంగా 32 బైట్ల అక్షరాల వరస మాత్రమే. అదే పేరు మరొకచోట కూడా ఉండవచ్చు. విద్యాసంస్థల ఎడ్యురోమ్ దీనికి మంచి ఉదాహరణ. 2003లో ఐరోపాలో మొదలై, భారతదేశంలో ఎర్నెట్ ద్వారా నడుస్తున్న ఈ సేవలో ప్రతి ప్రాంగణంలోనూ నెట్‌వర్కు పేరు ఒక్కటే, చిరునామా శ్రేణులు మాత్రం ఎక్కడికక్కడ వేరు. ఎడ్యురోమ్ ప్రొఫైల్‌లో స్థిర చిరునామా రాసుకున్న విద్యార్థికి పక్క విశ్వవిద్యాలయంలో ఇంటర్నెట్ రాదు.

రౌటర్‌లో రిజర్వేషన్

ల్యాప్‌టాప్‌ను ఆటోమేటిక్‌లోనే ఉంచి, ఈ మ్యాక్ చిరునామా వస్తే ఎప్పుడూ ఈ ఐపీ ఇవ్వమని రౌటర్‌లో నమోదు చేయడాన్ని డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అంటారు. ఇంట్లో ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ అదే చిరునామా దొరుకుతుంది, బయట ఆయా నెట్‌వర్కులు ఇచ్చినది దొరుకుతుంది, ల్యాప్‌టాప్‌లో ఏమీ మార్చనక్కర్లేదు. రౌటర్ మీద అధికారం ఉన్నంతవరకు ఇదే అన్నిటికంటే మేలైన పద్ధతి. ల్యాప్‌టాప్‌లో మ్యాక్ మార్పిడి పనిచేస్తుంటే మాత్రం రిజర్వేషన్ తప్పిపోతుంది (చూ. గోప్యత, భద్రత). ఇంటి నెట్‌వర్కు ఒక్కదానికి దాన్ని ఆపితే సరిపోతుంది.

డీఎన్‌ఎస్, లాగిన్ పేజీలు

చాలామంది చిరునామాను ఆటోమేటిక్‌గా ఉంచి డీఎన్‌ఎస్ మాత్రం స్థిరంగా రాస్తారు. గూగుల్ వారి 8.8.8.8 (2009), క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 (2018) ఇందుకు ప్రసిద్ధం. వీటివల్ల రెండు ఇబ్బందులున్నాయి. కార్యాలయంలో అంతర్గత సర్వర్ల పేర్లు అక్కడి డీఎన్‌ఎస్‌కే తెలుసు, బయటి డీఎన్‌ఎస్‌కు తెలియవు. రెండోది లాగిన్ పేజీల ఇబ్బంది.

విమానాశ్రయాలు, హోటళ్లు, స్టేషన్ల వైఫైలో ముందుగా తెరుచుకునే లాగిన్ పేజీని క్యాప్టివ్ పోర్టల్ అంటారు. ల్యాప్‌టాప్‌కు చిరునామా వెంటనే వస్తుంది. లాగిన్ పూర్తయ్యేదాకా ఏ పేజీ అడిగినా నెట్‌వర్కు పోర్టల్‌వైపే మళ్లిస్తుంది. కొన్నిచోట్ల ఈ మళ్లింపు స్థానిక డీఎన్‌ఎస్ ద్వారా జరుగుతుంది, లాగిన్‌కు ముందు బయటి డీఎన్‌ఎస్‌ను అడ్డుకుంటారు. అక్కడ 8.8.8.8 రాసిపెట్టిన ల్యాప్‌టాప్‌లో లాగిన్ పేజీయే కనిపించదు. పోర్టల్ ఎక్కడుందో డీహెచ్‌సీపీ 114వ ఆప్షన్ ద్వారానే చెప్పే పద్ధతిని 2020లో ఆర్ఎఫ్‌సీ 8910 నిర్దేశించింది.

భారతదేశంలో ఇలాంటి నెట్‌వర్కుల్లో విస్తృతమైనది రైల్‌టెల్ స్టేషన్ వైఫై. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలైన ఈ సేవ అదే ఏడాది విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం స్టేషన్లకు వచ్చింది. మొబైల్ నంబరు ఇచ్చి ఓటీపీ నమోదు చేస్తేనే దారి తెరుచుకుంటుంది. చిన్న దుకాణాలు కూడా వైఫై ఇవ్వగలిగేలా పీఎం-వాణి పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదించింది.

వీపీఎన్‌తో ఘర్షణ

ఇంటర్నెట్ మీదుగా కార్యాలయ నెట్‌వర్కులోకి వేసే సురక్షిత దారిని వీపీఎన్ అంటారు. ఇంటి నెట్‌వర్కు 192.168.1 అయి, వీపీఎన్ అవతల కార్యాలయం నెట్‌వర్కు కూడా 192.168.1 అయితే, ఆఫీసు ప్రింటరు కోసం పంపిన సందేశం ఇంటి నెట్‌వర్కులోనే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో చిరునామా మార్చినంత మాత్రాన ఇది తీరదు. ఇంటి రౌటర్ శ్రేణినే మార్చాలి. కార్యాలయాల నిర్వాహకులు ఇళ్లలో అరుదుగా కనిపించే శ్రేణిని ముందే ఎంచుకుంటే ఉద్యోగులకు ఈ బాధ ఉండదు.

గోప్యత, భద్రత

మ్యాక్ చిరునామా మారకపోతే నెట్‌వర్కులు నడిపేవారు ఒకే యంత్రాన్ని చోటు నుంచి చోటుకు వెంబడించగలరు. అందుకే ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో కల్పిత మ్యాక్ వాడే పద్ధతి వచ్చింది. ఆండ్రాయిడ్ 10 (2019), ఐఓఎస్ 14 (2020) దీన్ని అలవాటుగా చేశాయి. విండోస్ 10 నుంచి ఈ ఐచ్ఛికం ఉంది. 2024 నాటి మ్యాక్‌ఓఎస్ సెకోయాలోనూ చేరింది.

డీహెచ్‌సీపీలో సర్వర్ నిజమైనదో కాదో తేల్చుకునే ఏర్పాటు వాడుకలో లేదు. ముందు పలికినవారినే ల్యాప్‌టాప్ నమ్ముతుంది. బహిరంగ నెట్‌వర్కులో ఎవరైనా నకిలీ సర్వర్ నడిపి తన యంత్రాన్నే గేట్‌వేగా చూపవచ్చు. 121వ ఆప్షన్ ద్వారా దారులు పంపి, వీపీఎన్‌లో వెళ్లాల్సిన సమాచారాన్ని బయటికి మళ్లించవచ్చని 2024 మేలో ‘టన్నెల్‌విజన్’ పేరుతో వెల్లడైంది. ఆ ఆప్షన్‌ను పట్టించుకోని ఆండ్రాయిడ్‌కు ఈ ముప్పు లేదు. నకిలీ సర్వర్లను అడ్డుకోవడానికి నెట్‌వర్కు నిర్వాహకులు స్విచ్చుల్లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ వాడతారు.

ఐపీవీ6

128 బిట్ల ఐపీవీ6లో రౌటర్ నెట్‌వర్కు భాగాన్ని మాత్రమే ప్రకటిస్తుంది. మిగిలిన 64 బిట్లను ల్యాప్‌టాప్ తానే కల్పించుకుంటుంది. మొదట్లో ఈ 64 బిట్లను మ్యాక్ నుంచి తీసేవారు. దాంతో ఎక్కడికి వెళ్లినా చివరి సగం ఒకేలా ఉండి యంత్రం ఆనవాలు పట్టించేది. తాత్కాలిక చిరునామాల పద్ధతి 2001లో వచ్చింది. 2014 నాటి ఆర్ఎఫ్‌సీ 7217 ప్రకారం ఒకే నెట్‌వర్కులోకి ఎన్నిసార్లు వచ్చినా అదే చిరునామా, వేరే నెట్‌వర్కులో వేరే చిరునామా ఏర్పడతాయి. ఐపీవీ4లో ప్రొఫైళ్లతో సాధించినది ఇక్కడ ప్రమాణంలోనే ఇమిడి ఉంది.

అనుసంధానం తెగకుండా

చిరునామా మారితే నడుస్తున్న డౌన్‌లోడు, కాల్ తెగిపోతాయి. ఎక్కడున్నా పాత చిరునామానే నిలిపే మొబైల్ ఐపీ 1996లో వచ్చినా ల్యాప్‌టాప్‌లలో పాతుకోలేదు. దీనికి బదులు పై పొరల్లో పరిష్కారం దొరికింది. 2021లో ప్రమాణమైన క్విక్ అనే రవాణా పద్ధతి, వైర్‌గార్డ్ వీపీఎన్ వంటివి చిరునామా మారినా అవతలి యంత్రాన్ని ఇతర గుర్తులతో పోల్చుకుని కొనసాగుతాయి.

లోప నిర్ధారణ

వైఫై కలిసినా ఇంటర్నెట్ రానప్పుడు ముందుగా చిరునామా చూడాలి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్, లినక్స్‌లో ‘ఐపీ అడ్రస్’ ఆదేశం దాన్ని చూపుతాయి. 169.254 కనిపిస్తే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని అర్థం. వైఫై ఆపి మళ్లీ వేయడం, ఐపీకాన్ఫిగ్ రెన్యూ ఆదేశం నడపడం మొదటి మందు. చిరునామా మొదటి మూడు అంకెలు ఆ చోట ఉన్న మిగతా పరికరాలతో కలవకపోతే పాత స్థిర సెట్టింగు మిగిలి ఉండవచ్చు. గేట్‌వేకు పింగ్ వెళ్లి 8.8.8.8కు వెళ్లకపోతే లాగిన్ పేజీనో, రౌటర్ అవతలి లోపాన్నో అనుమానించాలి. 8.8.8.8కు వెళ్లి పేర్లు తెరుచుకోకపోతే లోపం డీఎన్‌ఎస్‌ది. సహాయం కోసం నిర్వాహకుడి దగ్గరికి వెళ్లేముందు చిరునామా, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లండి.